ఎడమ కనుబొమ్మ

"అన్నం తినే వచ్చారా?" గ్లవ్స్ తొడుక్కుంటూ అడిగాడు సూదిబాబు. అసలు పేరు వేరే. పదకొండేళ్ళుగా జనం చెవులూ ముక్కులూ కుడుతుంటే ఆ పేరే మిగిలింది.

"కనుబొమ్మ కుట్టడానికి అన్నంతో పనేంటి?"

"ఖాళీ కడుపైతే కళ్ళు తిరుగుతాయమ్మా. మేడ మెట్ల మీంచి మోసి దించే ఓపిక నాకు లేదు."

"తిన్నాలే. కానీ."

యాభై దాటిన మనిషి. ఆదివారం సెలవైనా జుట్టులో నూలు పోగులు అతుక్కునే ఉన్నాయి. కుర్చీలో వాలగానే చెప్పులు వదిలేసి, వాచిన పాదాలు చాపుకుంది.

"ఎడమ వైపు. ఇదిగో, సరిగ్గా ఇక్కడ."

అతను తుడిచి, పెన్నుతో చుక్కలు పెట్టి, అద్దం చూపించాడు. "గురువారం ఒకమ్మాయికి అచ్చం ఇక్కడే వేశాను."

"అది నా కూతురే."

"చూసి ముచ్చటపడ్డారా?"

"ముచ్చటా నా మొహమా." ఆమె కళ్ళు మూసుకుంది. "నిన్న మిల్లులో ఉక్కకి ఒకావిడ స్పృహ తప్పింది. వెనక తలుపుకి తాళం. అక్కడే పనిచేసే మా పిల్ల ఇనప రాడ్డు తీసుకుని తాళం పగలగొట్టి, ఆవిణ్ణి గాల్లోకి మోసుకెళ్ళింది."

"మంచి పనే కదా."

"మనకి. తాళం ఎందుకు వేశారో చెప్పేవాడు లేడు. ఎవరు పగలగొట్టారో కావాలట. కెమెరాలో టోపీ, మాస్కు, మధ్యలో మెరిసే కనుబొమ్మ. అంతే కనబడింది. రేపు పొద్దున గేటు దగ్గర మేనేజరు ఒక్కొక్కరి మొహం చూస్తాడట. దొరికితే ఉద్యోగం ఒక్కటే కాదు, పోలీసు కేసు."

"తీసేయమనండి."

"తీస్తే కన్నం ఎక్కడికి పోతుంది?"

సూదిబాబు చేయి ఆగింది. "అంటే ఆ నేరం మీరు నెత్తినేసుకుంటారా?"

"నువ్వు కుట్టు బాబూ."

"మీది కొత్తదని తెలిసిపోతుందమ్మా. ఎర్రగా వాస్తుంది."

"దానిదీ ఇంకా వాచే ఉంది."

తల్లి కదా, అనుకున్నాడు. సీలు చింపి సూది బయటికి తీశాడు.

"కొత్తదేనా?"

"మనిషికో సూది. వాడింది పారేస్తా."

"ఎన్నున్నాయి నీ దగ్గర?"

"పెట్టెడున్నాయి, భయపడకండి. గాలి గట్టిగా పీల్చండి. ఇప్పుడు మెల్లగా వదలండి."

సూది ఇటు దిగి అటు తేలింది. వెనకే చిన్న కడ్డీ దూర్చి, చివర గుండు బిగించాడు. ఆమె ఇస్సు అని కూడా అనలేదు.

"అయిపోయిందా? పన్నెండు గంటలు నిలబడ్డ కాళ్ళ సలుపు ముందు ఇదో నొప్పా."

"రోజుకి రెండుసార్లు ఉప్పునీళ్ళతో తుడవండి. తిప్పకూడదు, గిల్లకూడదు. మాననివ్వాలి, రెండు నెలలు పట్టొచ్చు. మిల్లు ధూళి అంటనివ్వకండి."

"ఆ మాట మా మేనేజరుకి చెప్పు."

అతనికి నవ్వొచ్చింది గానీ నవ్వలేకపోయాడు. రేపు ఈ పాటికి ఈవిడ ఏ పోలీస్ స్టేషన్ బెంచీ మీద కూర్చుని ఉంటుందో. ఇన్నేళ్ళలో అందం కోసం కుట్టాడు, పంతానికి కుట్టాడు, ప్రేమ చెడితే కుట్టాడు. జైలుకి పంపడానికి ఇదే మొదలు.

"ఇంటికెళ్ళి పడుకోండమ్మా," అన్నాడు గ్లవ్స్ ఊడదీస్తూ. "నేనూ తలుపేసి కాసేపు నడుం వాలుస్తా."

"ఇప్పుడప్పుడే కుదరదులే బాబూ," అంటూ ఆమె చెప్పులేసుకుని తలుపు తీసింది.

మెట్ల మీద నుంచి వీధి మలుపు దాకా మిల్లు ఆడవాళ్ళు వరసకట్టి ఉన్నారు.