చెవిపోటాయన

“టంగ్!”

సంఘం ప్రెసిడెంటు మాట మధ్యలోనే తెగిపోయింది.

“చూడండి పెద్దాయనా, ఇక్కడ సీరియస్‌గా చర్చ నడుస్తోంది. ఆ వాయింపుడు కాసేపు ఆపలేరా?”

పియానో వెనక నుంచి ఒక నెరిసిన తల పైకి లేచింది.

“వాయించడం లేదు బాబూ, శ్రుతి చేస్తున్నా. సాయంత్రం పిల్లల క్లాసుందట. కాసిని మంచినీళ్ళు దొరుకుతాయా?”

“చర్చ అయ్యాక చూద్దాం.”

సభ్యుల్లో ఒకరైన నర్సు చప్పుడు చెయ్యకుండా లేచి, తన నీళ్ళ సీసా ఆయనకిచ్చి వచ్చింది.

సంగీత పాఠశాల మేడ మీది ఆ గది ప్రతి ఆదివారం మధ్యాహ్నం ‘ఏజెంట్ పంతొమ్మిది’ అభిమాన సంఘానిది. ఏడు గూఢచారి సినిమాలు, పదకొండుమంది సభ్యులు, లెక్కలేనన్ని గొడవలు.

గోడకి ఒక పాత ఫొటో. నలభై ఏళ్ళ కిందట నాలుగో సినిమా సంగీతం రికార్డు చేసిన రోజుది. వాద్యాలతో బోలెడుమంది. అందరికంటే ముందు, మైకు దగ్గర, చేతిలో ఏ వాద్యమూ లేని కుర్రాడొకడు. కళ్ళు మూసుకుని, ఎడమ చెవి అరచేత్తో అదిమిపట్టి, మూతి సున్నా చుట్టి ఉన్నాడు.

ఎవరో ఎవరికీ తెలీదు. ఫొటో కోసం దూరిన బాపతని తీర్మానించి, ‘చెవిపోటాయన’ అని పేరు పెట్టేశారు. మీటింగు మొదట్లో ఆయనకో సెల్యూట్ కొట్టి పగలబడి నవ్వుకోవడం పదేళ్ళుగా ఆనవాయితీ.

ఈ రోజు గొడవ, సంగీతం రెండో సినిమాలో గొప్పదా, నాలుగోదాంట్లోనా అని.

“రెండోదే!” అన్నాడు టైలరు. “పడవల ఛేజింగులో ఆ డ్రమ్ములున్నాయే, మిషను కూడా అదే దరువుతో తొక్కుతాను నేను.”

“అందుకే నా చొక్కాకి ఒక చెయ్యి పొడుగు, ఒక చెయ్యి పొట్టి,” అన్నాడు ప్రెసిడెంటు.

“నాలుగోది,” అంది నర్సు. “లిఫ్టు సీనులో ఈల.”

“అక్కయ్య మళ్ళీ మొదలెట్టింది!” అన్నాడు టైలరు.

“ఆ ఈల ఉండేది ఆరు సెకన్లు. ఆపైన బాంబు పేలుతుంది,” అన్నాడు ప్రెసిడెంటు. “విడిగా అమ్మిన సంగీతం రికార్డులో అసలు లేనే లేదు. ముప్పై ఒక్కసార్లు చూశానమ్మా!”

“మా నాన్న పూర్తిగా వేసేవాడు అన్నయ్యా. పని నుంచి వస్తూ, మెట్లెక్కుతూ. అది వినపడగానే అమ్మ గడియ తీసేది.”

“మిగతాది మీ నాన్న సొంత కవిత్వం అయ్యుంటుంది.”

నర్సు వాళ్ళ నాన్న పోయి నాలుగేళ్ళు. కూతుర్ని జోకొట్టేటప్పుడు ఆ బాణీ కూనిరాగం తీస్తుంది. సరిగ్గా బాంబు పేలే చోటే ఆగిపోతుంది. “తర్వాతేంటమ్మా?” అంటుంది పిల్ల. ఎంత తన్నుకున్నా తర్వాతిది గుర్తురాదు. నాన్న గొంతే సగంలో తెగిపోయినట్టుంటుంది.

“ఏదీ, ఒకసారి అను తల్లీ,” పియానో వెనక నుంచి వినిపించింది.

నర్సు కూనిరాగం తీసింది. బాంబు చోట ఆగిపోయింది.

“మీ నాన్నగారేం చేసేవారు?”

“వ్యాను డ్రైవరండీ. పెద్ద పెద్ద వాద్యాలు స్టూడియోలకి చేరవేసేవాడు.”

“అయితే వినే ఉంటాడు.”

“తమరు ఆ సినిమా ఎన్నిసార్లు చూశారు సార్?” ప్రెసిడెంటు అడ్డం పడ్డాడు. “పదిసార్లు చూడనివాళ్ళు సంగీతం గురించి నోరెత్తకూడదు. మా సంఘం రూలు.”

“ఒక్కసారీ చూడలేదు బాబూ.”

గదంతా గొల్లున నవ్వింది.

ఆయన కూడా నవ్వాడు. రెండు గుక్కలు తాగి, పెదాలు తడుపుకున్నాడు. నర్సుకి ఏమనిపించిందో, ఫోనులో వీడియో రికార్డింగు నొక్కి ఆయనకెదురుగా పట్టుకుంది.

ఈల మొదలైంది.

నర్సు కళ్ళు వాటంతటవే మూతపడ్డాయి.

పేలాల్సిన చోట బాంబు పేలలేదు. ఈల ఒక మెట్టు పైకెక్కింది, అక్కడ చిన్నగా ఊపిరి తీసుకుంది, మలుపు తిరిగి నెమ్మదిగా కిందికి దిగింది. నాన్న చెప్పుల చప్పుడు. అమ్మ తీసిన గడియ.

“ఇదే!” అంది ఏడుస్తూ. “ఇదేనండీ!”

కళ్ళు తుడుచుకునేసరికి ఆయన సంచీ సర్దుకుంటున్నాడు. ఆమె ఆయన రెండు చేతులూ పట్టేసుకుంది.

“నాకేమిచ్చారో మీకు తెలీదు.”

“నువ్వు ముందే నీళ్ళిచ్చావుగా తల్లీ. ఎండిన పెదాలకి ఈల రాదు.”

ఈల మెట్లు దిగి వెళ్ళిపోయింది.

“మంచి పనివాడే,” అన్నాడు టైలరు. “కుట్టు తెలియకుండా అతుకేశాడు.”

నర్సు పట్టించుకోలేదు. ఇంకోసారి వినాలని వీడియో పెట్టింది. ఈల విన్నాక ప్రెసిడెంటు ఫోనులోకి తొంగి చూశాడు. ఆ ఫోను లాక్కుని గోడ దగ్గరికి నడిచాడు. ఒకసారి ఫోనుకేసి, ఒకసారి గోడకేసి చూశాడు.

ఉన్నపళంగా చెప్పులైనా వేసుకోకుండా మెట్ల మీదికి పరుగెత్తాడు.

వీధి చివరిదాకా వెళ్ళి, ఒగురుస్తూ ఒక్కడే తిరిగొచ్చాడు.

“అది మీ నాన్న కవిత్వం కాదమ్మా,” అన్నాడు. “ఆ రోజు స్టూడియోకి వాద్యాలు తెచ్చి, సినిమాలో బాంబు చప్పుడు కలపకముందే ఆ ఈల మొత్తం విని ఉంటాడు.”

గోడవైపు తిరిగి నిటారుగా నిలబడి సెల్యూట్ చేశాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

ఫోనులో ఆ ముసలాయన కళ్ళు మూసుకుని, ఎడమ చెవి అరచేత్తో అదిమిపట్టి, మూతి సున్నా చుట్టి ఈల వేస్తున్నాడు.