ఎండ అమ్ముకునే ఆవిడ

నిన్న సాయంత్రం గాలివానకు పోయిన కరెంటు ఈ మధ్యాహ్నానికి కూడా రాలేదు.

పై వాటాలో పాప ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లినట్టు పడుకుంది. మెడ నిండా చెమటకాయలు. మొన్ననే జ్వరం తగ్గింది. మళ్లీ ఒళ్లు కాలుతోందో, ఉక్కకే అలా ఉందో తల్లికి తెలియడం లేదు. రాత్రంతా అట్టముక్కతో విసిరి విసిరి ఆమె భుజం లాగేస్తోంది. ఫ్రిజ్‌లో పాలు విరిగాయి. ఫోను చచ్చిపోయింది.

నెత్తిమీద, డాబా నిండా సోలార్ పలకలు నిగనిగలాడుతున్నాయి.

ఆమెకు ఒళ్లు మండేది అక్కడే. మామూలు రోజుల్లో అవి తయారుచేసే కరెంటులో ఇంటావిడ తను వాడుకున్నంత వాడుకుని, మిగిలింది లైనులోకి పంపి కరెంటాఫీసుకు అమ్ముతుంది. వీధిలో ఆవిడను ‘ఎండ అమ్ముకునే ఆవిడ’ అంటారు. ఊరికి అమ్మే మనిషికి, తన ఇంట్లో అద్దెకున్న పసిదానికి ఒక్క ఫ్యాను తిప్పడానికి చేతులు రావు.

పొద్దునే వెళ్లి అడిగింది.

“లైను పోతే ఇదీ ఆగిపోతుందమ్మాయ్” అంది ఇంటావిడ.

“ఇంత ఎండ కాస్తుంటే ఆగడమేంటి ఆంటీ?”

“ఎండ కాసినా అంతే. మా ఆయన దగ్గరుండి అలా పెట్టించారు.”

ఆ ఆయనను పాప తల్లి ఎప్పుడూ చూడలేదు. ఈ ఇంట్లో దిగి రెండు నెలలైంది. ఎక్కడో దూరాన ఉద్యోగం కాబోలు. ఈవిడతో కాపురం చేయడం కంటే దూరాభారమే నయమనుకుని ఉంటాడు. మెట్ల కింద మేకుకు పొడుగాటి రబ్బరు చేతి తొడుగులు ఊరికే వేలాడుతుంటాయి. బాత్రూం కడుక్కుని ఇస్తానని ఒకసారి అడిగితే, అవి కూడా ఇవ్వలేదు మహాతల్లి.

ఇక లాభం లేదని వీధి చివర కొట్లోంచి ఎలక్ట్రీషియన్‌ను పిలుచుకొచ్చింది. అతను మెట్ల కింద సోలార్ పెట్టె తలుపు తీసి, లోపలికి తొంగిచూశాడు.

“చిటికెలో పని. దీనికి లైనులో కరెంటు ఉన్నట్టు మస్కా కొడితే చాలు, పాపం నమ్మేసి పనిచేస్తుంది. మెయిన్ స్విచ్ దించుకుంటే కరెంటు వీధిలోకి పోదు, మీ ఇంట్లోనే తిరుగుతుంది. చాలామంది చేయించుకుంటున్నారు.”

“దించడం మర్చిపోతే?”

ఇద్దరూ వెనక్కి తిరిగారు. ఇంటావిడ.

“ఎవరు మర్చిపోతారమ్మా?”

“ఎవరో ఒకరు.”

అతన్ని పక్కకు జరగమని, పెట్టె మూసి, తాళం వేసి, చెవి గుప్పిట్లో పెట్టుకుంది. నాకెందుకొచ్చిన తంటా అన్నట్టు అతను సంచీ భుజాన వేసుకున్నాడు.

“పసిపిల్ల ఆంటీ. మీ పిల్లయితే ఇలాగే చేస్తారా?”

ఇంటావిడ మొహంలో ఏమీ కదలలేదు. “కింద గది చల్లగా ఉంటుంది. పాపను తీసుకొచ్చి పడుకోబెట్టు.”

“అక్కర్లేదులెండి.”

కాసేపటికి ఆవిడే పైకి వచ్చింది. చేతిలో విసనకర్ర, తడిగుడ్డ. పాప పక్కన చతికిలబడి, ఎడమచేత్తో విసరడం మొదలుపెట్టింది. కుడి గుప్పిట అలాగే బిగించి ఉంది.

“రాత్రంతా మేలుకున్నట్టున్నావు. కళ్లు మూసుకో, నేను చూస్తాను.”

ఇవ్వాల్సింది ఇవ్వదు గానీ, విసరడానికి మాత్రం వచ్చింది. అడిగేద్దామనుకుంది. గోడకు ఆనుకున్నది ఆనుకున్నట్టే నిద్రలోకి జారిపోయింది.

మెలకువ వచ్చేసరికి విసనకర్ర ఇంకా ఊగుతోంది. చెయ్యి మారలేదు.

కింద బండి ఆగిన చప్పుడైంది. ఇంటావిడ చటుక్కున లేచి మెట్లు దిగింది. పాపను చంకనేసుకుని తల్లీ వెళ్లింది.

లైన్‌మన్ గేటు ఎదుటి స్తంభానికి నిచ్చెన ఆనించాడు. ఎక్కలేదు. ఇంటావిడ వైపు చూశాడు.

“వదినా, ఎక్కనా?”

ఆవిడ గుప్పిట విప్పి తాళంచెవి చూపించింది. “ఎక్కు.”

స్తంభం ఎక్కడానికి కూడా ఈవిడగారి సెలవు కావాలి కాబోలు అనుకుంది పాప తల్లి.

అతను పైనున్నంతసేపూ ఇంటావిడ నడి ఎండలో మొహం పైకెత్తి నిలబడింది. చెమట తుడుచుకోలేదు. నీడలోకి రమ్మని పాప తల్లి పిలిచినా వినిపించుకోలేదు. అతని రెండు కాళ్లూ నేలకు ఆనాకే తల దించింది.

అతను ఎవరికో ఫోన్ చేశాడు. కొద్దిసేపట్లో వీధంతా ఫ్యాన్లు తిరిగిన చప్పుడు. పాప చంకలోంచే పైకి చూసి నవ్వింది. ఇంటావిడ తాళం తీసి, పెట్టెలో మీటరు చూసి, లోపలికి వెళ్లిపోయింది. ఎండ మళ్లీ అమ్ముడుపోతోంది.

పాప తల్లి ఇక ఉండబట్టలేకపోయింది.

“బాగుందండీ మీ వదినగారి వరస. పిల్ల ఉక్కకు విలవిల్లాడుతుంటే ఆ పెట్టెకు తాళం వేసుకుని కూర్చున్నారు. అంత పట్టుదలేంటండీ ఈ మనిషికి?”

లైన్‌మన్ చేతి తొడుగులు విప్పుకుంటూ, మెట్ల కింద మేకు వైపు చూశాడు.

“మూడేళ్ల కిందట ఇలాగే లైను పోయినప్పుడు, ఈ వీధిలో ఎవరో ఇంట్లో సోలార్ నడుపుకుంటూ మెయిన్ దించడం మర్చిపోయిన రోజున, ఈ స్తంభం మీద ఉన్నది ఈవిడ భర్తమ్మా.”