మేడ మీద తువ్వాల

రమణయ్య మెట్లు రెండేసి చొప్పున ఎక్కి, ఆ మనిషి చేతిలోని తువ్వాల గుంజుకున్నాడు.

"ఎన్నిసార్లు చెప్పాల్రా నీకు? పొద్దున లేస్తే సముద్రానికి ఊపడమేంది? అదేమన్నా నీ మేనమామా?"

ఆ మనిషి పలకలేదు. నాలుగేళ్లుగా ఎవరితోనూ పలకలేదు. 1960లో గూడూరు స్టేషన్లో దొరికితే పోలీసులు తెచ్చి సముద్రపు ఒడ్డునున్న ఈ పిచ్చాసుపత్రిలో వదిలారు. పేరు తెలియక రికార్డులో పదిహేడో నంబరని రాశారు. వార్డులో అందరికీ తువ్వాలయ్య.

ఇప్పుడూ నీళ్ల మీంచి చూపు తిప్పకుండా, ఖాళీ చేతుల్నే ఎడమకు రెండుసార్లు విసిరాడు.

వార్డరు రమణయ్య చిల్లకూరు పక్క పొలాల్లో పెరిగినవాడు. వరి ఆకు రంగు చూసి పైరుకు ఏం కావాలో చెప్పగలడు. సముద్రం మాత్రం ఆయన లెక్కలో ఉత్త ఉప్పునీళ్లు.

పైగా నెలాఖరుకి హైదరాబాదు నుంచి పెద్దాఫీసర్లు వస్తారట. మేడ మీద ఈ ఊపుడు వాళ్ల కంట పడితే తన ఉద్యోగానికే ముప్పు.

పెద్ద డాక్టరు మద్రాసు వెళ్లి ఉన్నాడు. ఆయనుంటే ఒప్పుకునేవాడు కాదు. రమణయ్య తువ్వాలయ్యను ఇనప తలుపు గదిలోకి తోసి తాళం వేశాడు.

"ఎవురికేం చేసినాడన్నా పాపం?" అంది వంటమనిషి ఏసుమణి.

"ఏమీ చెయ్యలేదు. అదే నా ఏడుపు. నాలుగేళ్లు సర్కారు బువ్వ తిని ఒక్క పుల్ల కదిలించినాడా? తిండి దండగ!"

మర్నాడు రమణయ్య కంచంలో నీళ్లలాంటి పప్పే పడింది.

"పులుసేదమ్మే?"

"గంప రాలేదన్నా."

పక్కనే ఉన్న జాలర్ల పల్లె, కుప్పం వాళ్లు, రోజూ గేటు బయట చేపల గంప పెట్టి, వెనక్కి చూడకుండా పోయేవారు. గేటు తాకితే పిచ్చి అంటుకుంటుందని వాళ్ల భయం. పుణ్యానికి పెడుతున్నారని ఏసుమణి నమ్మకం.

ఆరు రోజులు గంప లేదు. ఏడో రోజు కుప్పమే వచ్చింది.

ఊరి పెద్ద కామాక్షయ్య గేటు ముందు ఒక్క క్షణం ఆగాడు. కళ్లు మూసుకుని, తోసుకుని లోపలికొచ్చాడు. వెనకే నలభైమంది.

"అయ్యా, మేడ మీద నిలబడే సర్కారు మనిషికి ఏమైంది?"

"సర్కారు మనిషెవురు?"

"అదే, తెల్ల చొక్కా ఆయన. తువ్వాల ఊపుతాడే!"

"వాడా? వాడు పిచ్చోడు."

కామాక్షయ్య తెల్లబోయాడు.

"పిచ్చోడా! నీళ్ల రంగు చూసి చేప యాడుందో చెప్పే మా ముసిలాయన చచ్చిపోయినాక, ఈయనే గదయ్యా మాకు కళ్లు! ఆయన ఎడమకి ఊపితే ఎడమకి, కుడికి ఊపితే కుడికి పడవ తిప్పుతాం. వారంగా వల ఉత్తదే వస్తా ఉంది."

రమణయ్య తాళంచెవుల గుత్తి తీసుకున్నాడు. తనే వెళ్లి తాళం తీశాడు. తువ్వాల చేతికిచ్చాడు.

తువ్వాలయ్య ఎవరి వంకా చూడలేదు. గబగబా మేడెక్కి, కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు. అలల మీద పడవ కాచుకుని ఉంది.

తువ్వాల లేచింది. కుడికి మూడుసార్లు. తర్వాత గిర్రున ఒక చుట్టు.

పడవ తిరిగింది. వల పడింది. ఒడ్డు మీంచి వల తాళ్లు రెంటినీ పట్టుకుని ఊరు ఊరంతా లాగింది.

మధ్యాహ్నానికి ఇసక మీద వెండి ఒలకబోసినట్టయింది.

"కవళ్లు!" అన్నాడు తువ్వాలయ్య, మేడ దిగి వచ్చి ఆ చేపల్ని దోసిట్లోకి ఎత్తుకుంటూ.

నాలుగేళ్లలో అదే మొదటి మాట. గరిటెతోనే ఒడ్డుకు పరుగెత్తుకొచ్చిన ఏసుమణి ఏడ్చింది.

కుప్పం ఆయన్ని భుజాల మీదికి ఎత్తుకుంది. వార్డు కిటికీల్లోంచి రెండొందలమంది ఈలలు వేసి చప్పట్లు కొట్టారు.

మద్రాసు నుంచి దిగిన పెద్ద డాక్టరు అంతా విని, తువ్వాలయ్య కుప్పంలోనే ఉండేట్టు కాగితం రాసిచ్చాడు. ఇనప తలుపును రమణయ్య చేతనే పీకించాడు.

ఆ మర్నాడు గంప మళ్లీ వచ్చింది. ఈసారి కామాక్షయ్య భార్య పేరమ్మ గేటు దాటి, వంటింటి దాకా తెచ్చి దించింది.

"రోజూ మా పిచ్చోళ్లకి పెడతా ఉండారు. పుణ్యాత్ములమ్మా మీరు," అన్నాడు రమణయ్య.

పేరమ్మ నవ్వింది.

"పుణ్యమేందన్నా! చేప చూపించినోడికి వాటా తీసిపెట్టకుండా మేం వల ఎండేస్తామా? ఈ గంప మొదట్నుంచీ ఆయనదే. మేడ మీంచి ఆయన రోజూ చూస్తానే ఉన్నాడంట. నిన్న చేతికిస్తే, ఆస్పత్రిలో అంతమంది ఉండారు, ఆడికే తీసకపొమ్మన్నాడు."

తాను తిండి దండగ అన్న మనిషే, నాలుగేళ్లుగా ఆ ఆసుపత్రికంతటికీ, తన కంచంలోకి కూడా, కూర పెడుతూ వచ్చాడు.