కంత మూసిన పూట

విత్తనపు పల్లికాయ దాచిన గది గోడకున్న కంతను జగదీశ్ తడిమట్టితో మూసేశాడు. "ఇంక ఎట్ల తింటదో సూస్త గా ఉడుత!"

ఉడుత పందిరి గుంజ మీద తోక ఎగరేస్తూ ఆగకుండా అరుస్తోంది.

అతని వదిన వసంత సంచి పట్టుకుని వాకిట్లోనే నిలబడి ఉంది. భర్త చనిపోయాక ఈ ఇంట్లో ఉండలేక, తెలకపల్లిలోని పుట్టింటికి పోతానంది. పొమ్మనే అన్నది అత్త ఎంకమ్మ.

"నువ్వు పో. పిల్లలను మాత్రం ఇయ్యను. కొడుకు పాయె, గీళ్లు గూడ పోతే నేనెట్ల బతకాలె?"

అందుకే వసంత పొద్దుటి నుంచీ వాకిలి దాటలేకపోతోంది.

"దీని నోరు వడిపోను! పోదేందిరా ఇది?" ఎంకమ్మ ఉడుతను విసుక్కుంది.

"లోపల గూట్ల పిల్లలున్నయేమో" అన్నాడు జగదీశ్, చేతులు కడుక్కుంటూ.

"నీ తెలివి మన్నువడ! పిల్లలను లోపలేసి మూస్తే తల్లి యాడికి పోతదిరా?"

అనేశాక ఎంకమ్మ ఆగిపోయింది. కోడలి వైపు చూడలేదు. తనే వెళ్లి గోళ్లతో మట్టి గీకి తీసింది.

ముగ్గురూ పక్కకు జరిగారు. చాలాసేపటికి ఉడుత లోపలికి దూరింది. ఒక పిల్లను నోట కరుచుకుని చింతచెట్టెక్కింది. మళ్లీ ఇంకోదాని కోసం వచ్చింది.

"ఇంక గీ గూటికి రాదా?" ఎంకమ్మ మెల్లగా అడిగింది.

"బెదిరియ్యకుంటే వస్తది, అత్తమ్మా."

ఎంకమ్మ దండెం మీది పిల్లల అంగీలు తీసి, ఒక్కొక్కటే మడిచి, వసంత సంచిలో పెట్టింది.