పచ్చగా వెలిగితే

ఈ పరీక్ష షీబా వేరే కణాల మీద వందసార్లు చేసింది. ఇవాళ మాత్రం కొత్తగా నేర్చుకుంటున్నట్టుంది.

ఎలుక కణం పైపొర మీద చక్కెర అంటిన ప్రోటీను ఒకటి ఉంటుంది. ఆమె వాడే యాంటీబాడీ దాన్ని మాత్రమే పట్టుకుంటుంది. పట్టుకుంటే పచ్చగా వెలుగుతుంది. మనిషి కణాల జోలికి పోదు.

పరీక్షించాల్సినవి మనిషి కణాలే. పెళ్లైన పదకొండో నెలలో కేన్సర్‌తో పోయిన భర్త క్రాంతి కుమార్‌వి. అతని కణితి నుంచి తీసిన ఆ కణాలను నాలుగేళ్లుగా బందరు కాలేజీ ల్యాబ్‌లో సాకుతోంది. పండగైనా తుఫానైనా వాటికి మేత పెట్టందే తను ముద్ద ముట్టదు. మొదటి ఏడు తను రెండు నెలలు ఆస్పత్రిలో ఉన్నప్పుడు మాత్రం టెక్నీషియన్ వెంకట్రామయ్యగారు చూసుకున్నారు.

ఇప్పుడు ఆ కణాలు కావాలని వేరే ల్యాబ్ వాళ్లు అడిగారు. ఎలుక కణాలు కలవలేదని రుజువు చూపించమన్నారు.

స్లైడు పెట్టి చూసింది.

నాట్లేసిన చేనులా అంతా పచ్చగా ఉంది. వెలగని కణం ఒక్కటంటే ఒక్కటి కూడా మిగల్లేదు.

ఎప్పుడు కలిశాయో, ఆయనవాటిని ఎప్పుడు మింగేశాయో! ఇన్నాళ్లూ ఎవరికి కబుర్లు చెప్పుకుందో తలుచుకుని కుమిలి కుమిలి ఏడ్చింది.

ఇవాళ రెండో శనివారం. అవనిగడ్డ నుంచి బస్సెక్కి అత్తగారు ఎలీసబెతు వచ్చే రోజు. నెల తప్పదు. మైక్రోస్కోపులో ఒక్క క్షణం చూసి, “బాగున్నాడు” అంటుంది. తర్వాత కోడల్ని ఎగాదిగా చూసి, “తింటున్నావా?” అంటుంది. ఆమెకు ఒక్కగానొక్క కొడుకు. ఆ ముసలి ప్రాణానికి ఈ మాట ఎలా చెప్పడం? అలాగని ఎన్నాళ్లు దాచడం?

రానే వచ్చింది. షీబా గుండె రాయి చేసుకుంది.

“అత్తయ్యా, ఇవి ఆయనవి కావండీ. ఎలుకవి. నా చేతుల్లోనే ఎక్కడో పొరపాటు జరిగింది. ఆయన్ని నేనే పోగొట్టుకున్నానండీ.”

ఎలీసబెతు ఏడవలేదు. కోడలి తల ఒళ్లోకి తీసుకుని నిమిరింది.

“నీ తప్పేం లేదు తల్లీ. నువ్వు చావబోయి ఆస్పత్రిలో పడున్నప్పుడే వాడివి చచ్చిపోయాయి. నువ్వు లేచొచ్చి సాక్కోడానికి బతికున్నవి ఏవో ఒకటి పెట్టమని వెంకట్రామయ్యగారి కాళ్లు పట్టుకుంది నేనే.”