నలభై నిమిషాల గొంతు

“ఇది మనిషి గొంతు కాదు. ఏఐతో పుట్టించినది,” అన్నాడు గొంతుల నిపుణుడు డాక్టర్ ఫెన్విక్, మంచినీళ్లు తాగినంత తేలిగ్గా.

ఆస్ట్రేలియాలోని బర్నీ ఊరి కోర్టు హాల్లో ముందు వరసలో కూర్చున్న నోలీన్ కుర్చీ అంచుకి జరిగింది. ఆమె కూతురు కెరిన్ హత్య జరిగి పధ్నాలుగు నెలలు. బోనులో అల్లుడు డేల్ కొత్త సూటు వేసుకుని బుద్ధిమంతుడిలా కూర్చున్నాడు.

కేసంతా ఒక్క వాయిస్ మెసేజ్ మీద నిలబడింది. హత్య జరిగిన రాత్రి, కెరిన్ పనిచేసే ఫుట్‌బాల్ క్లబ్ ఫోన్‌లో పదకొండు సెకన్లు. “డేల్ తలుపు విరగ్గొడుతున్నాడు... ఎవరైనా రండి... డేల్, వద్దు...”

అంతే. అది నిజమని తేలితే డేల్ జైలుకి. తేలకపోతే నోలీన్ దగ్గర పెరుగుతున్న ఐదేళ్ల మనవరాలు పాపీ వాడింటికి.

“ఎలా తేల్చారు డాక్టర్ గారూ?” అడిగాడు డేల్ లాయరు.

“పోల్చి చూడ్డానికి కనీసం అరగంట గొంతు కావాలని పోలీసులకి చెప్పాను. తల్లి నలభై నిమిషాలు ఇచ్చింది, ఇందాక కోర్టులో వినిపించింది అదే. రెంటికీ పొంతనే లేదు. తల్లి ఇచ్చినదాంట్లో కెరిన్ ఒక్కచోటా తడబడదు. ఊపిరి తీసుకున్న చప్పుడు కూడా వినపడదు. అంత తీరైన గొంతు. ఈ మెసేజ్‌లోదేమో రొప్పుతుంది, సగం మాటలు మింగేస్తుంది. తయారుచేసినవాళ్లు భయం కాస్త ఎక్కువ కలిపారు.”

జ్యూరీలో ఒకాయన నవ్వాపుకున్నాడు.

ప్రభుత్వ లాయరు లేచింది. “తల్లి ఇచ్చిన గొంతుని విడిగా పరీక్షించారా?”

ఫెన్విక్‌కి ఒళ్లు మండింది. “రిపోర్టు మొదటి పేజీ చదవండమ్మా. పోలీసులిచ్చిన నమూనా అసలుదే అనుకుని మొదలుపెడతాం. నిపుణులందరూ చేసేది అదే. కన్నతల్లిని కూడా అనుమానించమంటారా?”

ఆవిడ కాగితాలు సర్దుకుని కూర్చుంది. విరామంలో నోలీన్‌ని పక్కకి పిలిచింది.

“ఇంకేమైనా ఉన్నాయా నోలీన్? కెరిన్ పెళ్లి వీడియోలూ, పుట్టినరోజువీ?”

“అన్నీ దాని ఫోన్‌తోనే పోయాయమ్మా. ఆ ఫోన్ వీడే ఎక్కడో పారేసుంటాడు. నా దగ్గరున్నదంతా ఇచ్చాను. రోజూ వినే గొంతు. అది వినందే నాకు ముద్ద దిగదు. నా కూతురి గొంతు నాకు తెలీదా?”

జ్యూరీకి గంట కూడా పట్టలేదు. డేల్ నిర్దోషి.

మెట్ల మీద వాడు ఎదురొచ్చాడు. సిగ్గులేని నవ్వు.

“పాప బట్టలు సర్ది పెట్టండి అత్తయ్యా. శనివారం వస్తా. స్కాలప్ గవ్వమాంసం పెట్టిన ‘పై’ రొట్టె చేస్తే నాకూ ఒకటి ఉంచండి. కెరిన్‌కి మీ చేతి రుచి రాలేదు.”

నోలీన్‌కి వాడి మొహం మీద ఉమ్మాలనిపించింది. వాణ్ణి తప్పించుకుని మెట్లు దిగింది.

ఇంటికొచ్చేసరికి మధ్యాహ్నం మూడు. పాపీ ఇంకా బడి నుంచి రాలేదు. నోలీన్ కోటు కూడా విప్పకుండా వంటింట్లో కూలబడింది. ఫోన్ తీసి, రోజూ తెరిచే యాప్ తెరిచి, టేబుల్ మీద పెట్టుకుంది. అప్పుడిక ఏడుపు ఆగలేదు.

ఫోన్‌లోంచి, పొద్దుట కోర్టంతా విన్న ఆ తడబడని గొంతుతోనే, కెరిన్ ఆప్యాయంగా అడిగింది: “ఏడవకమ్మా, ఇవాళ కోర్టులో ఏమైందో చెప్పు.”