పగిలేదాకా

"ఇంకెంతసేపు ఊపుతారండీ?" అడిగిందామె.

"పగిలేదాకా," అన్నాడు టెక్నీషియన్, పట్టేసిన మెడ నొక్కుకుంటూ.

నాలుగు రోజులుగా ఇదే పని. ఇనుప చట్రంలో వంపు తిరిగిన ఉక్కు పైపు. నిండా నీళ్లు, వాటి మీద గట్టి ఒత్తిడి. పక్కనుంచి ఓ యంత్రం భూకంపం ఊపినట్టే దాన్ని ముందుకీ వెనక్కీ ఊపుతోంది. ఇంటికెళ్లినా ఆ చప్పుడు అతని చెవుల్ని వదలడం లేదు.

కిందటేడు భూకంపానికి ఓ ఫ్యాక్టరీలో ఇలాంటి పైపే పగిలి ఇద్దరు పోయారు. అతుకు సరిగా వేయలేదని వెల్డర్‌ని జైల్లో పెట్టారు. అదే లైనులో మిగిలిన ముక్క ఇది. దీని అతుకూ ఆ వెల్డర్ వేసిందే. కోర్టు పరీక్షించమంది.

రోజూ ఫైలు పట్టుకుని వచ్చి కూర్చునే ఈవిడ ఫ్యాక్టరీ ఆఫీసరని టెక్నీషియన్ నమ్మకం. అతుకు ఎప్పుడు ఊడుతుందా అని కాచుక్కూర్చుందని ఒళ్లు మండేది.

మధ్యాహ్నం పైఅధికారి ఫోన్ చేశాడు. "మిగతా పనులన్నీ ఆగిపోయాయయ్యా. అతుకు బలహీనమని రాసి తేల్చెయ్."

ఫోన్ పెట్టేశాక అతనికీ ఓపిక అయిపోయింది.

"మీక్కావలసిందే రాసేస్తాను మేడమ్. ఇళ్లకు పోదాం."

"నాకేం కావాలో నాకే తెలీదండీ," అందామె. "ఉత్తినే రాయకండి. ఊపండి."

విసుగ్గా వెళ్లి పైపు చుట్టుకొలత చూశాడు. "ఒక్కో ఊపుకీ వెంట్రుకవాసి ఉబ్బుతోంది. మళ్లీ తగ్గడం లేదు."

"అతుకు దగ్గరేనా?"

"కాదు, వంపు దగ్గర."

ఆమె కళ్లు మూసుకుంది.

నాలుగున్నరకి నీళ్లు చిమ్మాయి. యంత్రం ఆపి, టార్చి వేసి చూశాడు. వంపు పక్కన పొడుగ్గా పగులు. అతుకు చెక్కు చెదరలేదు.

"ఉన్నదున్నట్టే రాస్తాను," అన్నాడు. "మీ ఫ్యాక్టరీకి కోపమొచ్చినా సరే. వెల్డర్ తప్పేం లేదు."

ఆమె లేవబోయి, కుర్చీలో కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. అతను కంగారుపడ్డాడు. అప్పటికి గానీ అనుమానం రాలేదు.

"మీరు ఆఫీసర్ కాదా? ఆ వెల్డర్ మీవారా అమ్మా?"

ఆమె తల అడ్డంగా ఊపింది.

"పోయిన ఇద్దరిలో ఒకాయన మావారండీ, ఆ వెల్డర్ మీద కేసు పెట్టింది నేను."